గ్రాముకు 5 కోట్లు: ప్రాణమున్న సూక్ష్మజీవులను ల్యాబ్‌లో ఎలా లెక్కిస్తారు?

శనగ విత్తనానికి పట్టించే రైజోబియం పాకెట్ విప్పితే లోపల కాస్త తడిగా ఉన్న నల్లటి పొడి కనిపిస్తుంది. లిగ్నైట్‌నో బొగ్గునో మెత్తగా పొడి చేసి, అందులో బ్యాక్టీరియా పెంచిన ద్రవం కలిపి తయారు చేస్తారు. ఆ బ్యాక్టీరియా శనగ వేళ్లలో చేరి బుడిపెలు కడుతుంది. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపంలోకి మారుస్తుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 కింద జీవన ఎరువులకు పెట్టిన ప్రమాణం ప్రకారం ఈ పొడి ప్రతి గ్రాములో కనీసం 5 కోట్ల రైజోబియం కణాలు ప్రాణంతో ఉండాలి. ద్రవ రూపంలో అమ్మితే మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి.

పాకెట్ 200 గ్రాములదైతే అందులో వెయ్యి కోట్ల కణాలు ఉండాలన్నమాట. దాన్ని 10 కిలోల విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టించారనుకుందాం. నూరు గింజలు 22 గ్రాములు తూగే శనగ రకమైతే గింజ ఒక్కంటికి 2 లక్షల పైచిలుకు కణాలు అంటుకుంటాయి. వినడానికి ఎక్కువే. కానీ నీడలో ఆరబెట్టేటప్పుడు కొన్ని చచ్చిపోతాయి, నేల వేడికి మరికొన్ని పోతాయి. మట్టిలో ముందే పాతుకుపోయిన బ్యాక్టీరియాతో పోటీపడి వేరు దాకా చేరేవి కొన్నే. అందుకే మొదట ఎన్ని బతికున్నాయన్నది రైతు డబ్బుతో నేరుగా ముడిపడిన ప్రశ్న. దుకాణంలో ఎండ తగిలే అరలో నెలల తరబడి పడి ఉన్న పాకెట్ కూడా చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. పొడి రంగు మారదు, బరువు తగ్గదు. లోపల ప్రాణం ఉందో పోయిందో చెప్పగలిగేది ల్యాబ్ ఒక్కటే.

ల్యాబ్ రిపోర్టులో మాత్రం ఒకే ఒక్క అంకె ఉంటుంది: గ్రాముకు 5.8 కోట్ల సీఎఫ్‌యూ, అంటే పెరిగి కంటికి కనిపించే చుక్క కట్టగలవి అన్ని ఉన్నాయని. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసినంత ధీమాగా ఉంటుంది ఆ అంకె. నిజానికి అదొక అంచనా. అది ఏ పద్ధతిలో వచ్చింది, ఎంత అటూ ఇటూ ఊగుతుంది, ఎవరిని లెక్కలోకి తీసుకుంది, ఎవరిని వదిలేసింది అన్నవి తెలియకుండా ఆ అంకెను నమ్మడం ఎంత పొరపాటో, కొట్టిపారేయడమూ అంతే పొరపాటు. పాలు, తాగునీళ్లు, నది నీళ్లు, ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు, వీటన్నిటి రిపోర్టులకూ ఇదే మాట వర్తిస్తుంది.

బతికుందని ఎలా తెలుస్తుంది?

మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు కూడా. అమెరికాలో రాబర్ట్ బ్రీడ్ అనే శాస్త్రవేత్త వందేళ్లకు ముందే పాల బొట్టును గాజు పలక మీద పలచగా పూసి, రంగు వేసి, బ్యాక్టీరియాను నేరుగా లెక్కపెట్టే పద్ధతి తెచ్చాడు. చిక్కు ఎక్కడంటే, మామూలు రంగు వేస్తే చచ్చిన కణం, బతికిన కణం ఒకేలా కనిపిస్తాయి. పాశ్చరైజ్ చేసిన పాలలో వేడికి చచ్చినవి కూడా పలక మీద కనిపిస్తాయి, లెక్కలోకి వస్తాయి.

బ్యాక్టీరియాకు గుండె కొట్టుకోదు. చాలా రకాలు కదలవు కూడా. అందుకని సూక్ష్మజీవ శాస్త్రం మొదటి నుంచీ ఒకే పరీక్ష పెట్టుకుంది: అది పిల్లలను కనగలదా? తిండి, తేమ, తగిన వేడి ఇచ్చి వదిలితే ఒక కణం రెండు, రెండు నాలుగు అవుతూ పోతుంది. 20 సార్లు రెట్టింపైతే పది లక్షలు దాటుతుంది. ఇంకొన్ని సార్లు రెట్టింపైతే కంటికి ఆనే చుక్క అవుతుంది. ఆ చుక్కనే కాలనీ అంటాం. చుక్క కనిపించిందంటే అక్కడ మొదట కనీసం ఒక్క కణమైనా ప్రాణంతో ఉండి ఉండాలి.

ఈ ఆలోచనను పద్ధతిగా మార్చినవాడు రాబర్ట్ కోచ్. 1881లో లండన్‌లో జరిగిన వైద్య మహాసభలో గట్టి పదార్థం మీద బ్యాక్టీరియాను విడివిడిగా పెంచి చూపించాడు. అప్పట్లో ఆయన వాడింది జెలటిన్. మన దగ్గరైతే వేసవిలో గది వేడికే అది కరిగి నీళ్లవుతుంది. ఆ చిక్కును తీర్చింది ఫానీ హెస్సే. కోచ్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సే భార్య ఆమె. జావాలో ఉండివచ్చిన పరిచయస్తుల ద్వారా వంటింట్లో జెల్లీలు గట్టిపడటానికి వాడే అగర్ గురించి ఆమెకు తెలుసు. అగర్ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి, మళ్లీ గడ్డకట్టేది 40 డిగ్రీల దగ్గర. ఒకసారి గడ్డకడితే ఇంక్యుబేటర్‌లో ఎన్ని రోజులు పెట్టినా కరగదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రపంచంలోని ప్రతి సూక్ష్మజీవ ల్యాబ్ ఆమె సూచన మీదే నడుస్తోంది. అయినా పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు అరుదు. మూత గల గాజు పళ్లెం తెచ్చిన పెట్రీ (1887) పేరు మాత్రం ప్రతి విద్యార్థికీ తెలుసు.

కోచ్ ఈ ప్లేట్లతోనే తాగునీళ్లు పరీక్షించడం మొదలుపెట్టాడు. 1892లో హాంబర్గ్‌లో కలరా వచ్చి సుమారు 8,600 మంది చనిపోయారు. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా కూడా అదే ఎల్బే నది నీళ్లు తాగేది, కాకపోతే ఇసుకలో వడకట్టి తాగేది. అక్కడ వ్యాధి చాలా తక్కువ. ఆ అనుభవంతో, వడకట్టిన నీళ్లలో మిల్లీలీటరుకు 100కు మించి కాలనీలు రాకూడదని కోచ్ ఒక హద్దు పెట్టాడు. అవి కలరా క్రిములు కావన్నది గమనించాలి. వడపోత సరిగా పనిచేస్తోందా లేదా అని చెప్పే మామూలు క్రిములు అవి. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలిసి వాడటం అప్పుడే మొదలైంది.

పలచన, ప్లేటు, కాలనీ

మళ్లీ మన శనగ పాకెట్ దగ్గరికి వద్దాం. గ్రాములో కోట్ల కణాలున్న పొడిని నేరుగా ప్లేటు మీద వేస్తే చుక్కలు కాదు, పొర కడుతుంది. ల్యాబ్‌లో దాన్ని టీఎన్‌టీసీ అని రాసి పక్కన పెడతారు. లెక్కకు మించి ఉన్నాయని అర్థం. అందుకని పలచన చేయాలి.

10 గ్రాముల పొడిని 90 మి.లీ. శుద్ధి చేసిన నీళ్లలో వేసి షేకర్ మీద బాగా కుదుపుతారు. ఇది పది రెట్ల పలచన. దాంట్లోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ. నీళ్లున్న గొట్టంలో కలిపితే వంద రెట్లు. ప్రతి మెట్టులో కొత్త పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సన్నని గొట్టం), గొట్టాన్ని బాగా తిప్పి కలపడం, వెంటనే తర్వాతి గొట్టంలోకి. ఇలా ఆరు మెట్లు దిగితే పది లక్షల రెట్ల పలచన వస్తుంది. ఆ చివరి గొట్టంలోంచి 1 మి.లీ. చొప్పున మూడు ప్లేట్లలో వేసి, 45 డిగ్రీల దగ్గర ఇంకా గడ్డకట్టకుండా ఉన్న అగర్ పోసి, ప్లేటును నెమ్మదిగా తిప్పి కలుపుతారు. అగర్ ఇంకాస్త వేడిగా ఉంటే అందులో పడ్డ కణాలే చచ్చిపోతాయి. తర్వాత ప్లేట్లను బోర్లించి 28 డిగ్రీల దగ్గర పెడతారు. బోర్లించకపోతే మూతకు పట్టిన తేమ చుక్కలుగా పడి కాలనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

రైజోబియంకు వాడే అగర్‌లో ఈస్ట్ సారం, మానిటాల్ అనే చక్కెర ఉంటాయి. దాంట్లో కాంగో రెడ్ అనే రంగు కూడా కలుపుతారు. ప్లేటంతా ఎర్రగా ఉంటుంది. రైజోబియం ఆ రంగును పెద్దగా పీల్చుకోదు కాబట్టి దాని కాలనీలు తెల్లగా, జిగురుగా, నీటి బొట్టులా మెరుస్తూ ఉబ్బి కనిపిస్తాయి. పొడిలో దూరిన ఇతర బ్యాక్టీరియా చాలావరకు రంగు పీల్చుకుని ఎర్రబడతాయి. వెలుతురు తగిలితే రైజోబియం కూడా కొంత ఎర్రబడే అవకాశం ఉంది. అందుకే ప్లేట్లను చీకట్లో ఉంచమంటారు. ఈ చిన్న జాగ్రత్త తప్పితే మంచి పాకెట్ కూడా కల్తీదిగా కనబడుతుంది.

ఓపిక కూడా పద్ధతిలో భాగమే. శనగ రైజోబియం మూడు నుంచి ఐదు రోజుల్లో కనిపిస్తుంది. వేరుశనగకు వాడే బ్రాడీరైజోబియం నెమ్మది రకం, వారం దాకా పడుతుంది, ఒక్కోసారి పది రోజులు. మూడో రోజే ప్లేటు చూసి "ఏమీ లేదు" అని రాస్తే ఆ రిపోర్టు తప్పు. బ్యాక్టీరియా ఉంది, అది ఇంకా కంటికి కనబడేంత ఎదగలేదు.

ఐదో రోజు ప్లేటును వెనక్కి తిప్పి, మార్కర్‌తో ఒక్కో కాలనీ మీద చుక్క పెడుతూ లెక్కపెడతారు. మూడు ప్లేట్లలో 62, 55, 57 వచ్చాయనుకుందాం. సగటు 58. దాన్ని పది లక్షలతో హెచ్చిస్తే గ్రాముకు 5.8 కోట్లు. ప్రమాణం 5 కోట్లు. పాకెట్ పాసైనట్టే.

పాసైనట్టేనా?

వర్గమూలం చెప్పే నిజం

అదే గొట్టంలోంచి, అదే మనిషి, అదే పిపెట్‌తో మూడు సార్లు తీస్తే మూడు వేరు వేరు అంకెలు వచ్చాయి. ఇది చేతకానితనం కాదు. కణాలు నీళ్లలో ఎక్కడ పడితే అక్కడ తేలుతుంటాయి. ఒక మిల్లీలీటరులో ఎన్ని పడతాయన్నది చాలావరకు అదృష్టం. ఈ అదృష్టానికీ ఒక నియమం ఉంది, పాయిజాన్ అనే ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త పేరుతో చెబుతారు. దాని సారం తేలికే: ఎన్ని కాలనీలు లెక్కపెట్టామో దాని వర్గమూలం ఎంతో, అంకె సుమారుగా అంత ఊగుతుంది. 95 శాతం నమ్మకం కావాలంటే దానికి రెట్టింపు వదులుకోవాలి.

మన మూడు ప్లేట్లలో మొత్తం 174 కాలనీలు. వర్గమూలం 13కు కాస్త ఎక్కువ, రెట్టింపు 26. అంటే మూడు ప్లేట్ల అసలు మొత్తం 148 నుంచి 200 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. గ్రాముకు చెప్పాలంటే 4.9 కోట్ల నుంచి 6.7 కోట్ల దాకా. ప్రమాణంగా పెట్టిన 5 కోట్లు సరిగ్గా ఈ హద్దుల లోపలే పడింది. ఈ పాకెట్ నిజంగా పాసో ఫెయిలో ఈ మూడు ప్లేట్లు ఖాయంగా చెప్పలేవు.

పైగా ఇది కేవలం ప్లేట్ల దగ్గర వచ్చే తేడా. ఆరు మెట్లలో ఒక్కో పిపెట్ కొలత 2 శాతం అటూ ఇటూ అయితే, ఆ తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివైనా మొత్తం మీద మరో 5 శాతం కలుస్తుంది. పిపెట్ క్రమాంకనమే తప్పి ప్రతిసారీ ఒకే వైపు 2 శాతం తప్పు కొలిస్తే 12 శాతం దాకా పోతుంది. ఇక వేల పాకెట్ల బ్యాచ్‌లో ఏ పాకెట్ తీశాం, ఆ పాకెట్‌లో పైనుంచి తీశామా అడుగునుంచి తీశామా అన్న తేడా చాలాసార్లు వీటన్నిటినీ మించిపోతుంది.

ప్లేటుకు 30 నుంచి 300 మధ్య కాలనీలు ఉంటేనే లెక్కకు తీసుకోవాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 25 నుంచి 250 అంటుంది. పాల మీద పనిచేసిన బ్రీడ్, డాటెరర్ 1916లో 30 నుంచి 400 అన్నారు. కింది హద్దు అదృష్టానికి సంబంధించింది: 9 కాలనీలు వస్తే వర్గమూలం 3, రెట్టింపు 6, అంటే అంకె మూడింట రెండు వంతులు ఊగుతుంది. పై హద్దు చోటుకు సంబంధించింది: కాలనీలు కిక్కిరిస్తే తిండికి కొట్లాడుకుంటాయి, కొన్ని ఎదగవు, కొన్ని కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి.

ఈ రంగంలో ఉన్నవాళ్లు అంకెలను లాగ్‌లో మాట్లాడటానికి కారణం ఇదే. పది రెట్ల తేడా వస్తే 1 లాగ్, రెట్టింపు తేడా వస్తే 0.3 లాగ్. 5.8 కోట్లకూ 5 కోట్లకూ ఉన్న తేడా 0.06 లాగ్, అంటే చాలా చిన్నది. ఒక పాకెట్‌లో 6 కోట్లు, ఇంకోదాంట్లో 5 కోట్లు ఉంటే మొదటిది మేలని చెప్పలేం. ఒకదాంట్లో 6 కోట్లు, మరోదాంట్లో 6 లక్షలు ఉంటే మాత్రం ఆ తేడాను ఏ అదృష్టమూ మోయలేదు. రెండోదాంట్లో నిజంగానే ప్రాణం పోయింది. ప్లేటు లెక్క బలం అక్కడ ఉంది: వంద రెట్ల తేడాను అది తప్పకుండా పట్టుకుంటుంది.

సున్నా గురించి ఒక మాట. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ. నమూనాలో ఈ.కోలి (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) కనిపించకూడదు. ఒక నమూనాలో కనిపించలేదంటే ట్యాంకులో లేదని ఖాయమా? 100 మి.లీ.కి సగటున 3 చొప్పున ఉన్న నీళ్లలోంచి 100 మి.లీ. తీసినా, ఒక్కటీ రాకుండా పోయే అవకాశం దాదాపు 5 శాతం ఉంది. కాబట్టి ఒక సున్నా మనకిచ్చే భరోసా "100 మి.లీ.కి 3 కంటే తక్కువ ఉండొచ్చు" అన్నంత వరకే. నీళ్లను ఒక్కసారి పరీక్షించి వదిలేయకుండా మళ్లీ మళ్లీ పరీక్షించాలనేది ఇందుకే.

కాలనీ లెక్కకు అందనివి

సీఎఫ్‌యూ అంటే కాలనీ కట్టగల ఒక యూనిట్. అది ఒక కణమే కానక్కర్లేదు. రైజోబియం జిగురు కారుస్తుంది, పొడి రేణువులకు అతుక్కుంటుంది. ఇరవై కణాలు ఒక రేణువు మీద ముద్దగా ఉండి ప్లేటు మీద పడితే వచ్చేది ఒక్క కాలనీయే. పుట్టలు లెక్కపెట్టి చీమలెన్నో చెప్పబోయినట్టు ఉంటుంది ఈ పని. బాగా కుదిపితే ముద్దలు విడిపోయి సంఖ్య పెరుగుతుంది. అతిగా కుదిపితే కొన్ని కణాలు దెబ్బతింటాయి. అదే పాకెట్‌ను ఒక ల్యాబ్ ఐదు నిమిషాలు, ఇంకో ల్యాబ్ అరగంట కుదిపితే రెండు అంకెలు వస్తాయి. రెండూ నిజాయితీ గల అంకెలే.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ప్లేటు మీద పెట్టిన తిండి నచ్చినవే పెరుగుతాయి. మట్టిని మైక్రోస్కోప్‌లో చూస్తే గ్రాముకు వంద కోట్ల స్థాయిలో కణాలు కనిపిస్తాయి. అదే మట్టిని ప్లేటు మీద వేస్తే చాలాసార్లు అందులో ఒక శాతం కూడా కాలనీలు కట్టవు. 1985లో స్టేలీ, కొనోప్కా అనే శాస్త్రవేత్తలు దీన్ని ప్లేటు లెక్కలోని మహా వైపరీత్యంగా వర్ణించారు. మిగతావన్నీ చచ్చినవని కాదు. కొన్నిటికి మనమిచ్చే తిండి ఎక్కువ, కొన్నిటికి ఆక్సిజన్ పడదు, కొన్నిటికి పక్కన వేరే జీవి ఉండాలి, కొన్ని నెలలకు ఒకసారి గాని విభజన చెందవు.

ఒకప్పుడు ప్లేటు మీద చక్కగా పెరిగినవే కష్టకాలంలో పెరగడం మానేసిన సందర్భాలూ ఉన్నాయి. 1982లో హువై షు షు, రీటా కోల్‌వెల్ బృందం కలరా బ్యాక్టీరియా మీద ఈ సంగతి బయటపెట్టింది. నీళ్లలో ఉంచిన కణాలు కొంతకాలానికి ప్లేటు మీద కాలనీ కట్టడం మానేశాయి, అయినా తిండి ఇస్తే స్పందిస్తున్నాయి. 1996లో ఇదే బృందం అలాంటి కణాలు మనిషి పేగులోకి చేరాక మళ్లీ పెరిగే స్థితికి వస్తాయని ప్రచురించింది. అందరూ ఒప్పుకున్న విషయం కాదిది. కొంతమంది ఇవి గాయపడి కోలుకుంటున్న కణాలేనంటారు. నా మట్టుకు పేరు ఏదైనా పర్వాలేదు. ప్లేటు మీద రాలేదు కాబట్టి ప్రమాదం లేదనే నిర్ణయానికి రావడమే భయపెట్టే విషయం.

రైజోబియం విషయంలో ప్లేటుకు ఇంకో గుడ్డితనం ఉంది. తెల్లగా మెరిసే ప్రతి కాలనీ రైజోబియం కాదు. దగ్గరి బంధువైన ఆగ్రోబాక్టీరియం అచ్చం అలాగే కనిపించగలదు. అది శనగకు బుడిపె కట్టదు. గ్లూకోజ్, పెప్టోన్ ఉన్న అగర్ మీద ఆగ్రోబాక్టీరియం బాగా పెరుగుతుంది, రైజోబియం సరిగా పెరగదు కాబట్టి దాంతో అనుమానం కొంత తీర్చుకుంటారు. అసలు తీర్పు మాత్రం మొక్కే ఇవ్వాలి.

మొలక చెప్పే లెక్క

శుద్ధి చేసిన గొట్టాల్లో, నత్రజని లేని పోషక ద్రవంలో మొలకలు పెంచుతారు. పాకెట్ పొడిని బాగా పలచన చేసి ఒక్కో మొలకకు 1 మి.లీ. చొప్పున వేస్తారు. మూడు నాలుగు వారాల తర్వాత వేళ్లు తీసి చూస్తారు. బుడిపె ఉంటే ఆ మిల్లీలీటరులో కనీసం ఒక్క పనికొచ్చే రైజోబియం ప్రాణంతో పడిందని లెక్క. బుడిపె లేని మొలక నత్రజని అందక పసుపు పచ్చగా పాలిపోతుంది, దూరం నుంచే తెలుస్తుంది.

ఒక పలచనలో పది మొలకలకు వేస్తే ఆరింటికి బుడిపెలు వచ్చాయనుకుందాం. మిల్లీలీటరుకు 0.6 కణాలని చెప్పేయొచ్చా? తొందరపడకూడదు. బుడిపె వచ్చిన మొలకల్లో కొన్నిటికి రెండో మూడో కణాలు పడి ఉండొచ్చు, ఆ సంగతి బుడిపె చెప్పదు. నిజం చెప్పేవి బుడిపె రాని నాలుగు మొలకలే. వాటికి ఒక్కటీ పడలేదని కచ్చితంగా తెలుసు. సగటున ఎన్ని కణాలుంటే పదింట నాలుగు ఖాళీగా మిగులుతాయి అని పాయిజాన్ సూత్రాన్ని అడిగితే 0.92 అని వస్తుంది. ఖాళీల నుంచి ఉన్నవాటిని లెక్కగట్టే ఈ తర్కం నాకు సూక్ష్మజీవ శాస్త్రంలో అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది.

దీన్నే ఎంపీఎన్ అంటారు, అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న సంఖ్య అని. నీళ్ల పరీక్ష గొట్టాల కోసం 1915లో మెక్‌క్రేడీ దీన్ని గణితంగా రూపొందించాడు. ఇప్పుడు పట్టికలు చూసి చెప్పేస్తున్నారు. కానీ దీని ధర కూడా తెలుసుకోవాలి. పదింట ఆరు అన్న ఫలితానికి 95 శాతం హద్దులు 0.3 నుంచి 2.1 దాకా, ఏడు రెట్ల వెడల్పు. ఆహార పరీక్షల్లో వాడే మూడేసి గొట్టాల పట్టికలో 43 అని ఇచ్చిన చోట హద్దులు 9 నుంచి 180 దాకా ఉంటాయి.

ఇది తెలిశాక నదుల వార్తలు చదివితే చూపు మారుతుంది. స్నానానికి పనికొచ్చే నీళ్లలో మల సంబంధ కోలిఫామ్ (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) 100 మి.లీ.కి 500 ఎంపీఎన్ లోపు ఉంటే మేలని, 2,500 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. 2025లో ప్రయాగ్‌రాజ్ కుంభమేళా సమయంలో నీళ్లు ఈ హద్దు దాటాయని మండలి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నివేదించింది. ఆ తర్వాతి నివేదికలో, రోజు రోజుకూ చోటు చోటుకూ అంకెలు బాగా మారుతున్నందున గణాంక విశ్లేషణ చేయాల్సి వచ్చిందని చెప్పింది. అంకెలు అలా మారడం ఈ పద్ధతి తెలిసినవాళ్లకు ఆశ్చర్యం కాదు. అయితే సగటులు, మధ్యస్థ విలువలు తీస్తే చెడ్డ రోజులు వాటి వెనక దాక్కుంటాయి. మునిగేవాళ్లు మునిగేది ఏదో ఒక రోజే కదా. కాబట్టి మధ్యస్థ విలువతో పాటు ఏ రోజు, ఏ ఘాట్‌లో, ఎంత వచ్చిందో పక్కనే ఇవ్వాలి.

త్వరగా తేల్చే దారులు

కాలనీలకు రోజులు, మొలకలకు వారాలు. పాల సేకరణ కేంద్రానికి అంత టైం ఉండదు. అక్కడ పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం మిథిలిన్ బ్లూ పరీక్ష. 10 మి.లీ. పాలలో 1 మి.లీ. నీలి రంగు ద్రావణం కలిపి 37 డిగ్రీల దగ్గర పెడతారు. బ్యాక్టీరియా ఊపిరి తీసుకుంటూ ఆక్సిజన్ వాడేసేకొద్దీ నీలం పోయి పాలు మళ్లీ తెల్లబడతాయి. ఐదు గంటలు దాటినా నీలం నిలిస్తే చాలా మంచి పాలు, అరగంటలోనే పోతే నాసిరకం. ఇందులో సంఖ్య రాదు. పాలు తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయానికి సంఖ్య అవసరం కూడా లేదు.

ఇప్పుడొచ్చిన పద్ధతులు ఒక్కోటి ప్రాణానికి ఒక్కో గుర్తు వెతుకుతాయి. ప్రొపిడియం అయొడైడ్ అనే ఎర్ర రంగు పొర చిరిగిన కణాల్లోకే దూరుతుంది, పొర గట్టిగా ఉన్నవి ఆకుపచ్చ రంగుతో వెలుగుతాయి. మిణుగురు పురుగు ఎంజైముతో ఏటీపీని (బతికున్న కణాలు శక్తికి వాడే అణువును) కొలిచే పరికరాలు నిమిషాల్లో జవాబిస్తాయి, కానీ ఆ ఏటీపీ ఏ జీవిదో చెప్పలేవు. డీఎన్‌ఏను లెక్కించే క్యూపీసీఆర్ ఏ జీవో కచ్చితంగా చెబుతుంది, కానీ చచ్చిన కణంలోని డీఎన్‌ఏ కూడా కొంతకాలం మిగిలే ఉంటుంది కాబట్టి శవాలను కూడా కలిపేస్తుంది.

ప్రోబయాటిక్ వ్యాపారంలో ఈ తేడాలు ఇప్పుడు పెద్ద చర్చ. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం రోజువారీ మోతాదులో ప్రోబయాటిక్ బ్యాక్టీరియా కనీసం 10 కోట్ల సీఎఫ్‌యూ ఉండాలి. మరోవైపు లాక్టిక్ బ్యాక్టీరియాను ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపే పద్ధతితో) లెక్కించడానికి 2015లో ఐఎస్ఓ 19344 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాంట్లో లెక్క కాలనీల్లో ఉండదు, రంగుతో వెలిగే చురుకైన కణాల్లో ఉంటుంది. ఎండబెట్టి పొడి చేసిన బ్యాక్టీరియాలో ఈ రెండు అంకెలు కలవకపోవడం మామూలే. పొర గట్టిగా ఉన్న కణం ప్లేటు మీద కాలనీ కట్టకపోవచ్చు. ఏది సరైనదని అడిగితే, కడుపులోకి వెళ్లి అది ఏం చేయాలని మనం కోరుకుంటున్నామో దాన్ని బట్టి ఉంటుంది. రైజోబియం విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. వేరు దగ్గర పెరగని కణానికి పొర ఎంత గట్టిగా ఉన్నా రైతుకు ఉపయోగం లేదు.

అందుకే జీవన ఎరువుల రిపోర్టుల్లో ఇప్పుడున్న ఒంటి అంకె చాలదని నా అభిప్రాయం. ఏ పలచన దగ్గర ఎన్ని ప్లేట్లు పోశారో, ఒక్కో ప్లేటు మీద ఎన్ని తెల్లవి, ఎన్ని ఎర్రవి వచ్చాయో, ఎన్నో రోజున చూశారో, 95 శాతం హద్దులు ఎంతో, మొలకల పరీక్ష చేశారో లేదో, ఇవన్నీ కలిపి నాలుగు వరుసలు చాలు. ఈ సమాచారం ల్యాబ్ నోటు పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. హద్దు మీద వచ్చిన పాకెట్‌ను ఒక్క పరీక్షతో పాస్ చేయడమో ఫెయిల్ చేయడమో కాకుండా, అదే బ్యాచ్‌లోంచి ఇంకో ఐదు పాకెట్లు తీసి మళ్లీ ప్లేటింగ్ చేయాలి. తయారీ కేంద్రం నుంచి బయల్దేరిన రోజు తీసిన నమూనాతో పాటు, పల్లెల్లో దుకాణం అర మీద నుంచి గడువు ముగిసే నెలలో తీసిన నమూనాను కూడా పరీక్షించాలి. రైతు కొనేది ఆ రెండో పాకెట్‌నే.